పదిహేనో ఫారం

ఇప్పుడు గ్లాసు పట్టుకుంటున్నాను. సగానికి నీళ్లు పోస్తేనే. నిండా పోస్తే మణికట్టు వణికి చీర తడుస్తుంది. వేళ్లకు కసరత్తు చేయించడానికి వచ్చే అమ్మాయి రోజుకో పేజీ రాయమంది. ఏం రాయనమ్మా అంటే, "మీ ఇష్టం ఆంటీ, ఒకే మాట వందసార్లు రాసినా పర్లేదు, వేళ్లు కదలాలి అంతే" అంది. ఒకే మాట వందసార్లు రాసే ఓపిక నాకెక్కడిది? జరిగిందే రాస్తున్నాను. రూళ్ల కాగితాలకు మా ఇంట్లో కొదవ లేదు.

నా పేరు మస్తాన్‌బీ. తిరువూరు బస్టాండు వెనక సందులో మాది బైండింగ్ పని. అట్టలు కొయ్యడం, జిగురు పెట్టడం, ప్రెస్సులో బిగించడం మా ఆయన సుభానీ పని. మడతా కుట్టూ నావి. పదిహేడో ఏట కాపురానికి వచ్చిన వారానికే దబ్బనం పట్టాను. యాభై రెండో ఏటి దాకా దించలేదు. బడి రిజిస్టర్లు, ఆఫీసు పుస్తకాలు, లైబ్రరీలో చిరిగిపోయిన నవలలు అన్నీ నా ఒళ్లోంచి పోయినవే. మస్తాన్‌బీ కుట్టు ఊడిందని తిరిగొచ్చిన పుస్తకం ఒక్కటి లేదు. ఆ గర్వం నాకు బాగానే ఉండేది.

ఇన్నేళ్లు పుస్తకాల మధ్య కూర్చుని నేను ఒక్క పుస్తకమూ చదవలేదు. చిన్నప్పుడు పిచ్చిగా చదివేదాన్ని. ఏడో తరగతిలో బడి మానిపించాక కూడా శెనగపప్పు పొట్లం విప్పి ఆ కాగితం చదివాకే పప్పు డబ్బాలో పోసేదాన్ని. పెళ్లయ్యాక అదంతా పోయింది. చదవడం మొదలుపెడితే కుట్టు ఆగిపోతుంది, కట్టలు అలాగే ఉండిపోతాయి. ఫారం అంటే పదహారు పేజీల మడత. అలాంటి మడతల్ని వరసగా పేర్చి కుడితే పుస్తకం. నంబరు చూసుకో, పేర్చు, కుట్టు. పేజీలో ఏముందో చూడొద్దని మా అత్తగారు మొదటి రోజే చెప్పింది. నేను బుద్ధిగా ముప్పై అయిదేళ్లు చూడలేదు.

మార్చి

మార్చి అంటే మాకు ఊపిరాడని నెల. గంపలగూడెం నుంచి, చుట్టుపక్కల ఊళ్ల నుంచి బళ్ల రిజిస్టర్లు కట్టలు కట్టలుగా వచ్చి పడతాయి. ఆ రద్దీలో ఒక సోమవారం నా చేతిలోంచి దబ్బనం జారింది. తీసుకున్నాను. మళ్లీ జారింది. అరిచేతులు తిమ్మిరెక్కాయి, పని ఎక్కువై అనుకున్నాను. అంతకు పది రోజుల ముందు జ్వరం వచ్చి తగ్గింది, ఆ నీరసమేలే అనుకున్నాను. మర్నాడు దొడ్లోకి వెళ్తుంటే ఒక కాలి చెప్పు ఊడిపోయింది. నాకు తెలియలేదు. మా అమ్మాయి రేష్మా వెనక నుంచి, "అమ్మా, చెప్పు ఇక్కడే వదిలేశావేంటి" అంటే కిందకి చూసుకున్నాను. పాదం మట్టిలో ఉంది. మట్టి మాత్రం పాదానికి తగలడం లేదు.

బుధవారం మంచం మీంచి లేవలేకపోయాను. కాళ్లూ చేతులూ ఆడలేదని ఎన్నిసార్లు ఎంత తేలిగ్గా అన్నానో. నిజంగా ఆడకపోతే ఎలా ఉంటుందో ఆ పొద్దున తెలిసింది.

ఊళ్లో డాక్టరు చిన్న సుత్తితో మోకాలి మీద కొట్టి చూశాడు. కాలు కదల్లేదు. "విజయవాడ తీసుకెళ్లండి. ఇవాళే" అన్నాడు. మా ఆయన చేతులు నలుపుకుంటూ, "రేపు రిజిస్టర్లు ఇచ్చెయ్యాలండి. ఇచ్చేసి ఎల్లుండి పొద్దున్నే బయల్దేరితే?" అన్నాడు. డాక్టరు సుత్తి పక్కన పెట్టాడు. "ఇది ఊపిరి దాకా పాకితే, మీరు రిజిస్టర్లు ఇచ్చి వచ్చేసరికి ఈవిడ ఉండదు."

నేను పక్కనే ఉన్నాను. నా ముందే అన్నాడు. ఆ మాట కన్నా ముందు మా ఆయన అన్న మాట నాకు ఎక్కువ గుచ్చుకుంది. ఆయన చెడ్డవాడు కాదు. కంగారులో మనిషికి రోజూ చేసే పనే గుర్తొస్తుంది. ఇది నాకు ఇప్పుడు తెలుసు. అప్పుడు తెలియదు.

విజయవాడలో జబ్బు పేరు చెప్పారు. నా నోరు తిరగదు. ఒంటిని కాపాడాల్సిన శక్తే పొరబడి నరాల మీద పడుతుందట. కాళ్ల నుంచి పైకి పాకుతుందట, మందులకు లొంగితే వచ్చిన దారినే వెనక్కి పోతుందట. "ఎన్నాళ్లకు?" అని రేష్మా అడిగింది. "నెలలు. ఒక్కోసారి ఏడాది. చేతులు పూర్తిగా వస్తాయని మాత్రం ఇప్పుడే చెప్పలేను" అన్నాడు పెద్ద డాక్టరు. నేను నడక పోయినా పర్లేదు అనుకున్నాను. కూర్చుని చేసే పనే కదా మాది. చేతులు లేకపోతే ఇక కుట్టేదెలా?

ఆస్పత్రిలో నాకు గుర్తున్నది మందులూ సూదులూ కాదు. ఎదురుచూడటం. ఏదో పరీక్షకని చక్రాల మంచం మీద నన్ను వరండాలో పెట్టారు. మా వాళ్లు కాగితాల కోసం కింద లైన్లో ఉన్నారు. నా ముక్కు మీద ఈగ వాలింది. తోలడానికి చెయ్యి లేదు. అది తాపీగా పెదవి దాకా నడిచింది. నేను గోడవైపు చూస్తూ ఊరుకున్నాను. అప్పుడొక ఆవిడ బల్ల మీంచి లేచి వచ్చి, కొంగుతో ఈగను తోలింది. "దురద పెడుతోందా అక్కా? ఎక్కడో చెప్పు, గోకుతా" అంది. ముక్కు పక్కన, కుడి కనుబొమ్మ మీద, చెవి వెనక అన్నీ చెప్పాను. అన్నీ గోకింది. ఏడుపొచ్చేసింది. "మాది వినగడప. మా ఆయన లోపలున్నాడు" అంది. లోపల ఆయనకేమైందో నేను అడగలేదు. అడగాల్సింది.

ఏప్రిల్, మే

మూడు వారాలకు ఇంటికి తెచ్చారు. నడుం దాకా దిండ్లు పెట్టి కూర్చోబెడితే కూర్చుంటాను. అంతే. మా ఆడబిడ్డ జైతూన్ మధిర నుంచి వచ్చి ఇరవై రోజులు ఉంది. వండింది, నాకు నీళ్లు పోసింది, తల దువ్వింది. ఆ రుణం తీరేది కాదు. చూడ్డానికి వచ్చిన వాళ్లందరితో గుమ్మంలో నిలబడి, "కుట్టే చెయ్యి పోయింది. ఇక మా తమ్ముడి గతి ఏంటో" అని కూడా అంది. నాకు కాళ్లూ చేతులే పోయాయి, చెవులు బాగానే ఉన్నాయని ఎవరికీ తట్టలేదు.

అన్నం మా ఆయన తినిపించేవాడు. ఆయన చెయ్యి పెద్దది, ముద్దా పెద్దదే. ఒకరోజు గొంతుకు అడ్డం పడితే విసుగొచ్చి ఉమ్మేశాను. ఆయన చొక్కా మీద పడింది. కంచం కింద పెట్టి బయటికి వెళ్లి గట్టు మీద కూర్చున్నాడు. కాసేపటికి తిరిగొచ్చాడు. అప్పటి నుంచి ముద్దలు ఉసిరికాయంత చేశాడు. మేమిద్దరం దాని గురించి ఎప్పుడూ మాట్లాడుకోలేదు.

జూన్

మే చివరికి కాళ్లలో కాస్త కదలిక వచ్చింది. జూన్‌లో పట్టుకుంటే నిలబడ్డాను. చేతులు మాత్రం చచ్చిన చేపల్లా ఒళ్లో పడి ఉండేవి. బొటనవేలు, చూపుడువేలు కలిస్తే ఆ రోజు పండగ. టీవీ చూస్తే తల తిరిగేది. ఫ్యాన్ రెక్కలు ఎన్ని రోజులని లెక్కపెడతాం? రేష్మా విసిగిపోయి, "ఇంటి నిండా పుస్తకాలే కదమ్మా, ఒకటి చదవొచ్చుగా" అంది.

నవ్వొచ్చింది. తర్వాత ఎందుకు చదవకూడదు అనిపించింది.

ఇక మొదలైంది. నేను చదువుతానన్నానని తెలియగానే తలా ఒకటి తెచ్చారు. జబ్బు మనిషికి జనం ఇచ్చే పుస్తకాలు ఒక రకం. మనోధైర్యం ఎలా పెంచుకోవాలో చెప్పే పుస్తకం ఒకరిచ్చారు. రెండో పేజీలోనే పొద్దున్నే లేచి పరిగెత్తమంది. పథ్యాల పుస్తకం ఒకటి. అందులో నాకు ఇష్టమైనవన్నీ వద్దన్న పట్టికలో ఉన్నాయి. దీన్, అంటే మా మతం గురించిన పుస్తకాలు ఇద్దరు తెచ్చారు. వాటిని కళ్లకద్దుకుని తల దగ్గర పెట్టుకున్నాను. ప్రాణం విసిగి ఉన్నప్పుడు మంచి మాటలు కూడా బరువే. మా ఆయన ప్రేమగా ఆరొందల పేజీల నవల తెచ్చాడు. "కట్టు చూడు మస్తానీ, ఎంత బాగుందో" అన్నాడు. బైండింగ్ వాడు పుస్తకం ఎంచితే అలాగే ఉంటుంది. అది గుండెల మీద పెడితే ఊపిరాడలేదు.

నాలాంటి వాళ్లెవరైనా ఇది చదివితే వాళ్ల కోసం చెప్తున్నా. చాలా ఏళ్ల తర్వాత మళ్లీ చదవాలనుకుంటే మంచి పుస్తకం అని ఎవరో చెప్పింది కాదు, సన్నటి పుస్తకం పట్టండి. పదిహేను పేజీలకు పట్టకపోతే పక్కన పెట్టెయ్యండి. తప్పు మీది కాదు, పుస్తకానిది కూడా కాదు. పుస్తకం బల్ల మీద పెడితే దానంతటది విప్పుకుని ఉంటుందో లేదో చూడండి. ఈ ఆఖరుది నేను కష్టపడి నేర్చుకున్నాను.

మా ఆయన అట్టముక్కలతో ఏటవాలు బల్ల ఒకటి చేసి నా ఒళ్లో పెట్టాడు. దాని మీద లైబ్రరీ పుస్తకం తెరిచి పెడితే టప్‌మని మూసుకునేది. బట్టల క్లిప్పులు పెడితే క్లిప్పులు ఎగిరిపోయేవి. మోచేత్తో నొక్కిపెడితే లోపలి వైపు అక్షరాలు కనపడేవి కావు. ప్రతి వరసలో ఒక మాట వెన్నులోకి పోయింది. ఎవరు కుట్టారే ఈ పుస్తకం అని తిట్టబోయి ఆగాను. నేనే కుట్టాను.

మాది పక్క కుట్టు. ఫారాలన్నీ పేర్చి, పక్క నుంచి దబ్బనంతో గుచ్చి, ఒకే దారంతో లాగి బిగిస్తాం. ఎన్నేళ్లయినా ఊడదు. పుస్తకం నోరు మాత్రం సరిగా తెరవదు. ప్రతి ఫారాన్నీ మడత మధ్యలో విడిగా కుట్టుకుంటూ పోయే మధ్య కుట్టు ఇంకోటి ఉంది. అలా కుట్టింది అరిచెయ్యిలా విచ్చుకుంటుంది. కానీ రోజంతా కుడితే నాలుగు పుస్తకాలు అవవు. నేను మధ్య కుట్టు ఎప్పుడో మానేశాను. ఎంత బిగించి లాగితే అంత గొప్ప అనుకున్నాను. ఇన్నేళ్లు ఎంతమంది ముసలివాళ్లు, చేతుల్లో సత్తువ లేనివాళ్లు నా పుస్తకాలతో కుస్తీ పట్టారో తల్చుకుంటే సిగ్గేసింది.

ఆగస్టు

జులై అంతా రేష్మా పక్కన కూర్చుని పేజీలు పట్టుకుంది, కాలేజీ తెరిచాక అదీ కుదరలేదు. చదివినవేవీ నన్ను పట్టలేదు. ఇక మానేద్దాం అనుకుంటుండగా ఒకటి తట్టింది. మా దగ్గరికి లైబ్రరీ నుంచి వచ్చే పుస్తకాల్లో కొన్నిటికి పేజీల మూలలు నల్లగా, జిడ్డుగా ఉండేవి. వాటిని చూస్తే నాకు చిరాకు, జిగురు పట్టదని. అన్ని వేళ్లు పడ్డాయంటే అది చదివించే పుస్తకమే కదా!

"లైబ్రరీ సారుని అడిగి అన్నిటికన్నా మురికి మూలలున్న సన్న నవల తెండి" అన్నాను.

మా ఆయన నోరు తెరిచాడు. "మురికిదా?"

"మురికిదే."

నీలం కాలికో గుడ్డ అంటించిన అట్టతో మేమే కట్టినది తెచ్చాడు. రైల్వే జంక్షన్ దగ్గర భోజనాల హోటల్ నడిపే రాజ్యలక్ష్మి అనే ఆవిడ కథ. చెప్పకుండా వెళ్లిపోయిన తమ్ముడు ఏదో ఒక బండికి దిగుతాడని పన్నెండేళ్లుగా రెండు మెతుకులు ఎక్కువ వండుతూ ఉంటుంది. మూడో పేజీకే నేను ఆ వంటింట్లో ఉన్నాను. గరిటె చప్పుడు వినపడింది. మోచేత్తో నొక్కుకుంటూ, వెన్నులోకి పోయిన మాటల్ని ఊహించుకుంటూ రోజుకు పది పేజీలు చదివాను. మందులు వేసుకోవడం మర్చిపోయాను. జబ్బు పడ్డానన్న సంగతే ఒక పూట మర్చిపోయాను. ఐదు నెలల్లో మొదటిసారి.

రెండు వందల ఇరవై నాలుగో పేజీ చివర ఎవరో తలుపు కొడతారు. రాజ్యలక్ష్మి చేతులు తుడుచుకుని వచ్చి గడియ మీద చెయ్యి వేస్తుంది. పేజీ తిప్పాను. గోదావరిలో లాంచీ కూత వేసింది. లాంచీ నడిపే సరంగు, వీరాస్వామి అట, చుట్ట కాల్చుకుంటూ లంగరు ఎత్తమంటున్నాడు.

ఈ లాంచీలో తమ్ముడు ఉంటాడేమో అని రెండు పేజీలు చదివాను. రాజ్యలక్ష్మి లేదు, హోటల్ లేదు. వెనక్కి వచ్చి మళ్లీ చదివాను. జబ్బు తలకెక్కిందనుకున్నాను. డాక్టరు ఊపిరి అన్నాడు, చేతులన్నాడు, బుర్ర అనలేదే! అరగంట ఆ భయంతో కూర్చున్నాను. రేష్మా కాలేజీ నుంచి రాగానే పుస్తకం వెన్ను దగ్గర చూడమన్నాను. లోపల మూడు మెలికల ముడి. నాది. నేను తప్ప ఎవరూ అలా వెయ్యరు.

అప్పుడు గుర్తొచ్చింది. మూడు నాలుగేళ్ల కిందట ఒకే అచ్చాఫీసులో వేసిన రెండు పాత నవలలు ఒకే కట్టలో వచ్చాయి. ఒకే సైజు, ఒకే అక్షరం. రెండిటికీ పదిహేనేసి ఫారాలు, రెండు వందల నలభై పేజీలు. విప్పి, చిరుగులకు పల్చటి కాగితం అతికించి, రెండిటి ఆఖరి ఫారాలూ పక్కపక్కన ఆరబెట్టాను. నంబర్లు చూసుకున్నాను. నంబర్లు సరిగ్గానే ఉన్నాయి, ఒకదాని ఫారం ఇంకోదాంట్లోకి పోయింది. ఒక్క వరస, ఒకే ఒక్క వరస చదివి ఉంటే తెలిసేది.

సెప్టెంబరు

రేష్మా వెళ్లి లైబ్రరీ సారుకి చెప్తే ఆయన ఆ లాంచీ నవల వెతికి తీసుకుని తనే ఇంటికి వచ్చాడు. నెమ్మదస్తుడు. నా తప్పు విని నవ్వుతాడనుకున్నాను. నవ్వలేదు. ఆ లాంచీ పుస్తకం వెనక తేదీలు వేసే చీటీ చూపించాడు.

"మీరు కట్టి ఇచ్చాక ఆ హోటల్ నవల ఎవరూ తీసుకోలేదు, దీన్ని తీసుకెళ్లింది సుగుణ టీచరుగారొక్కరేనండి. రిటైరయ్యాక వారానికి రెండు చదివేవారు. ఇది తిరిగిస్తూ, ఇక రానండి సార్ అన్నారు. నేను కళ్లజోడు సంగతేమో అనుకున్నా. కాదట. చివరికొచ్చేసరికి ఎవరి కథ చదువుతున్నానో తెలియట్లేదు, బుర్ర పోతోంది అన్నారు. ఒక్కరే ఉండేవారు కదా, ఆ భయంతోనే గంపలగూడెంలో చెల్లెలి దగ్గరికి వెళ్లిపోయారు."

నేను భయపడింది అరగంట. నా ముడి చూసి తెలుసుకునే అదృష్టం నాకుంది. ఆవిడకి లేదు. ఆవిడ ఆ భయాన్ని మూడేళ్లుగా మోస్తోంది.

సారు వెళ్లాక మా ఆయన కత్తి తెచ్చి రెండు పుస్తకాల కుట్లూ కోసి ఫారాలు విడదీశాడు. "పదిహేనో ఫారాలు మార్చి కుట్టెయ్యడమే. పది నిమిషాల పని, ఇటివ్వు" అన్నాడు.

"ముట్టుకోకండి. నేను కుడతా."

"గ్లాసే పట్టుకోలేవు, దబ్బనం పడతావా?"

"పట్టే దాకా అవి అలాగే ఉంటాయి."

"ఆవిడ ఇంకెన్నాళ్లు అలా ఉండాలి? నీ పంతం కోసమా?"

నిజమే అన్నాడు. అందుకే కోపం వచ్చింది. "రిజిస్టర్లు ఇచ్చి వస్తానన్న రోజు లేదా ఈ తొందర?" అన్నాను. ఆరు నెలలు గొంతులో పెట్టుకున్న మాట అది. ఆయన కత్తి కింద పెట్టాడు. మొహం నల్లబడింది.

"నీ చేతులు రావేమోనని నాకు లేదా భయం?" అన్నాడు. "ఆ రోజు డాక్టరు చెప్తుంటే నాకేం వినపడలేదు మస్తానీ. రిజిస్టర్లు అన్న మాట ఒక్కటే నోట్లో ఉంది, అదే వచ్చింది. దబ్బనం పట్టి నువ్వు ఓడిపోతే చూడలేను. అందుకే ఇటిమ్మంటున్నా."

ఇద్దరం ఏడ్చాం. ఏడ్చి, మాట అనుకున్నాం. మర్నాడు ఆయన గంపలగూడెం వెళ్లి, పుస్తకం తప్పే గాని ఆవిడ బుర్ర తప్పు కాదని టీచరుగారి చెల్లెలికి చెప్పి రావాలి. కుట్టు మాత్రం నాదే. ఆయన వెళ్లి చెప్పి వచ్చాడు. టీచరుగారు లోపలి నుంచే విన్నారట, "ఊరడించడానికి చెప్తున్నారులే" అన్నారట. పుస్తకం చేతికివ్వాల్సిందేనని అప్పుడు తెలిసింది.

రాజ్యలక్ష్మి పదిహేనో ఫారం విడిగా గూట్లో పెట్టించాను. లాంచీ పుస్తకం కుట్టిందాకా అది చదవనని రేష్మాతో చెప్పాను. చదివేస్తే ఇక దబ్బనం పట్టను. నా సంగతి నాకు తెలుసు.

పక్క కుట్టు నా వల్ల కాదు. పదిహేను ఫారాల మందం గుచ్చే బలం ఇంకెప్పటికి వస్తుందో. మధ్య కుట్టయితే ఒక్క మడతే గుచ్చాలి. సన్న సూదికి మా ఆయన గుడ్డ చుట్టి లావు చేశాడు. మొదటి మూడు రోజులు సూది పట్టడమే సరిపోయింది. నాలుగో రోజు ఒక కుట్టు పడింది, వంకరగా. అయిదో రోజు కాగితం చిరిగింది. ఏడ్చి అతికించాను. ఒక ఫారానికి వారం పట్టింది, తర్వాత నాలుగు రోజులు, తర్వాత రెండు. కొన్ని రోజులు అసలు ముట్టుకోలేదు. చచ్చేంత అలుపు. ఎందుకొచ్చిన గొడవ అనిపించేది. గూట్లోకి చూసేదాన్ని. రాజ్యలక్ష్మి ఇంకా గడియ మీద చెయ్యి వేసి అలాగే నిలబడి ఉంది.

నవంబరు

అట్ట మా ఆయన వేశాడు. ప్రెస్సులోంచి తీసి, తెరిచి, అటూ ఇటూ లాగి చూశాడు. "కుట్టు లూజుగా ఉంది" అన్నాడు.

"ఉండనీ."

బల్ల మీద పెట్టాడు. తెరిచింది తెరిచినట్టే ఉంది, మూసుకోలేదు.

గంపలగూడెం ఆటోలో వెళ్లాం. జబ్బు తర్వాత నేను ఊరు దాటడం అదే మొదలు. పత్తి తీస్తున్నారు. గుంత వచ్చినప్పుడల్లా మా ఆయన నా భుజం గట్టిగా పట్టుకున్నాడు.

సుగుణ టీచరుగారు పల్చటి మనిషి. తెల్ల చీర, మెడలో చిన్న సిలువ. నన్ను కూర్చోబెట్టి ఎదురుగా కూర్చున్నారు. నేను సంచి విప్పకుండానే ఉన్నది ఉన్నట్టు చెప్పాను. ఫారాలు ఆరబెట్టడం, నంబర్లు, అన్నీ. ఆవిడ వింటూ కూర్చున్నారు. తర్వాత, "మూడేళ్లమ్మా" అన్నారు. గొంతు కఠినంగా ఉంది. "మూడేళ్లుగా పొద్దున లేవగానే నా పేరు, ఊరు, ఇవాళ ఏ వారమో పైకి చెప్పుకుని చూసుకుంటున్నా. ఎందుకు బతకాలి అలా?"

తప్పయిందండి అన్నాను.

ఆవిడ కళ్లజోడు సర్దుకుని, "వీరాస్వామి" అన్నారు. "ఆ సరంగు పేరు వీరాస్వామి. లాంచీ అమ్మేసి కొడుకు దగ్గరికి పొమ్మంటారు అందరూ. బేరం కూడా కుదురుతుంది. నా ఉద్దేశం అతను అమ్మడు. రేవు దాకా వెళ్లి వెనక్కి తిప్పేస్తాడు. అలా ఉందా చివర?"

"నేను చదవలేదండి. కుట్టాను అంతే" అన్నాను. అది అబద్ధం కాదు. ఆ రోజు చదివిన రెండు పేజీల తర్వాత ఒక్క వరస చూడలేదు. అది ఆవిడ చదవాల్సిన చివర.

పుస్తకం ఇచ్చాను. ఒళ్లో పెట్టుకుని తెరిచారు. అది విచ్చుకుని అలాగే ఉండటం చూసి నా వైపోసారి చూశారు. వెనక్కి వెళ్లి కాస్త, ముందుకు వచ్చి కాస్త చదివారు. ఆ తర్వాత ఆఖరి ఫారం. వాళ్ల చెల్లెలు తెచ్చిన టీ చల్లారిపోయింది. మా ఆయన బయట గట్టు మీద కూర్చున్నాడు. నేను ఆవిడ పెదాలు కదలడం చూస్తూ కూర్చున్నాను.

ఆఖరి పేజీ అయ్యాక కళ్లజోడు తీసి కొంగుతో తుడుచుకున్నారు. "తిప్పేశాడు" అన్నారు. "మూడేళ్ల కిందట చదివింది. నాకు అంతా గుర్తుందే!" చెల్లెల్ని కేకేశారు. "గ్యాసు ఆపడం రెండుసార్లు మర్చిపోయిన మాట నిజమేనే. అది ఎవరైనా మర్చిపోతారు. ఇది మాత్రం నా బుర్ర తప్పు కాదట. విన్నావా?" అన్నారు. ఏడుస్తూనే అన్నారు. నన్ను క్షమించానని మాత్రం అనలేదు. నేనూ అడగలేదు.

కాసేపటికి నా వైపు తిరిగి, "మరి నీ పుస్తకంలో ఏమైంది?" అన్నారు.

"ఇంకా చూడలేదండి."

"తెచ్చావా?"

తెచ్చాను. సంచిలో అడుగున కాగితంలో చుట్టి ఉంది. అది ఇంకా కుట్టలేదు, ఒట్టి ఫారం.

"ఇక్కడే కూర్చుని చదువు. నేనూ మొదట్నుంచీ ఇంకోసారి చదువుకుంటా" అని ఆవిడ పుస్తకం మొదటి పేజీ తిప్పారు.

పదహారు పేజీలు. సగం గ్లాసు నీళ్ల బరువు కూడా లేదు. బల్ల లేదు, క్లిప్పులు లేవు, పట్టుకోవడానికి రేష్మా లేదు. రెండు చేతులతో పట్టుకున్నాను. వణికాయి. వణకనిచ్చాను.

రాజ్యలక్ష్మి గడియ తీసింది.